గోడ ఎవరిది? మధిర బజారు నుంచి మక్తా గల్లీల దాకా ఒక నడక

మధిర నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి ఎపిసోడ్ కూర్చుని చూసేది కాదు, నడుస్తూ వినేది. గైడ్ అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. కాళ్లకి మంచి చెప్పులు, చేతిలో నీళ్ల సీసా, జేబులో చార్జింగ్ ఉన్న ఫోను ఉంటే చాలు. ఎండాకాలమైతే పొద్దున్నే ఆరింటికి బయల్దేరండి. తొమ్మిది దాటితే మన ఖమ్మం జిల్లా ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు.

టాపిక్ వీధి బొమ్మలు. అంటే స్ట్రీట్ ఆర్ట్. ఈ మాట వినగానే మీకు రీల్స్‌లో చూసిన ఢిల్లీ లోధీ కాలనీయో, హైదరాబాద్ మక్తానో గుర్తొస్తుంది. "మనూళ్లో అలాంటివి ఎక్కడున్నాయి?" అని అడుగుతారు. మక్తాకి కూడా వెళ్దాం, ఎపిసోడ్ రెండో సగంలో. కానీ ముందు మనూరి గోడలు చదవడం నేర్చుకుని వెళ్తే, అక్కడి గోడ మీకు ఇంకాస్త ఎక్కువ చెబుతుంది.

చదవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఏ గోడ ముందు నిలబడ్డా ఇవే అడగండి. గోడ ఎవరిది? కుంచె ఎవరిది? డబ్బు ఎవరిది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ బొమ్మ చరిత్ర సగం దొరికినట్టే.

మొదటి ఆగుడు: ఇంటి గోడ

పాత పెంకుటిల్లు ఒకటి వెతకండి. మధిర చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా కనపడతాయి. అడుగున ఎర్రమన్ను పట్టీ, పైన సున్నం, అరుగు మీద ముగ్గు, గడపకి పసుపూ బొట్లూ. సంక్రాంతి ముందు ఇంటి ఆడవాళ్లు అలికి, పూసి, గీసేవాళ్లు. గోడ వాళ్లదే, కుంచె వాళ్లదే. కుంచె అంటే చాలాసార్లు పాత గుడ్డ ముక్క, లేకపోతే ఈతమట్టని చితక్కొట్టి చేసిన పీచు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఒక వానాకాలం గడిస్తే అంతా కొట్టుకుపోతుంది. మళ్లీ సంక్రాంతికి మళ్లీ కొత్తది.

ఇది గుర్తుపెట్టుకోండి. మన దగ్గర గోడ మీద బొమ్మ శాశ్వతంగా ఉండాలని ఎవరూ అనుకోలేదు. వేసిన చెయ్యి ఇంట్లో ఉంటే చాలు, బొమ్మ మళ్లీ వస్తుంది. చెయ్యి పోతేనే బొమ్మ పోతుంది. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కణ్నుంచి ఈశాన్యంగా, భద్రాచలం అడవి వైపు వెళ్తే సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడి కోయవాళ్ల దగ్గర పడిగె అని ఉంటుంది. త్రికోణం ఆకారంలో ఉండే గుడ్డ, దాని మీద వాళ్ల వేల్పుల కథ బొమ్మలుగా ఉంటుంది. డోలీలు అనే కథకులు డోలు వాయిస్తూ, ఆ వంశాల కథ పాడతారు. అంటే గోడకి కట్టుబడని బొమ్మ. జాతరకి బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి వెళ్తుంది. ఆ సంప్రదాయంలో కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారిది మణుగూరు మండలం కూనవరం. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. బొమ్మ గుడ్డ మీద మిగలొచ్చు. కానీ ఆ బొమ్మ ఏం చెబుతుందో పాడే గొంతు కూడా ఉండాలి కదా. చెయ్యి పోతే అన్నాను చూడండి, గొంతుకి కూడా అదే లెక్క.

రెండో ఆగుడు: రైల్వే స్టేషన్

ఇప్పుడు స్టేషన్‌కి రండి. ప్లాట్‌ఫాం చివర్న పసుపు బోర్డు, నల్లక్షరాలు. రోజూ చూసేదే. ఈ ఊరికి పెద్ద సైజు అక్షరం వచ్చింది రైలుతోనే అనుకోవచ్చు.

నిజాం రాజ్యంలో మొదటి రైలు మార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి పడింది. తర్వాత వరంగల్, డోర్నకల్ మీదుగా పొడిగించుకుంటూ 1889లో బెజవాడ దాకా తెచ్చారు. మధిర ఈ లైను మీద ఉంది. ఇక్కడ దిగిపోతే నిజాం రాజ్యం, కాసేపు ముందుకెళ్తే తెల్లవాళ్ల మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. సరిహద్దు ఊరన్నమాట. ఇప్పటికీ అంతే, కాస్త దాటితే ఆంధ్రప్రదేశ్. మనకి ఖమ్మం ఎంత దూరమో విజయవాడ కూడా ఇంచుమించు అంతే. అందుకే మన బజారు బోర్డుల మీద ఖమ్మం, విజయవాడ రెండూ కలిసి కనపడతాయి. గుంటూరు మిర్చి, బెజవాడ బట్టలు, హైదరాబాద్ బిర్యానీ అన్నీ ఒకే వీధిలో.

మూడో ఆగుడు: ఎర్ర అక్షరం

స్టేషన్ నుంచి బజారుకి వచ్చే దారిలో, లేదా పక్క పల్లెల్లో, ఎర్ర రంగు వేసిన స్థూపం ఒకటి కనపడకపోదు. సుత్తీ కొడవలీ, పైన చుక్క, కింద పేర్లు. దీన్ని ఎవరూ స్ట్రీట్ ఆర్ట్ అనరు. కానీ వీధిలో, అందరికీ కనపడేలా, ఊరివాళ్లే డబ్బులేసుకుని కట్టి, ఏటా రంగు వేసుకునేదాన్ని ఇంకేమనాలి?

దీని వెనక చరిత్ర కొంచెం చెప్తాను. 1945లో ఆంధ్ర మహాసభ 12వ సమావేశం ఖమ్మంలో జరిగింది. ఆ మరుసటి ఏడాది నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం. అప్పటికి ఖమ్మం జిల్లానే లేదు. మధిర వరంగల్ జిల్లాలో ఒక తాలూకా. సరిహద్దు దాటితే వేరే ప్రభుత్వం కాబట్టి, రజాకార్ల దాడులప్పుడు మనుషులు అటు కృష్ణా జిల్లాకి వెళ్లి తలదాచుకున్నారు. కార్యకర్తలూ అటూ ఇటూ తిరిగారు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. 1953 అక్టోబర్ 1న వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు, అందులో మధిర కూడా చేరింది. భద్రాచలం మన జిల్లాలోకి వచ్చింది ఇంకా తర్వాత, 1959లో, తూర్పుగోదావరి నుంచి.

ఆ స్థూపం మీద పేర్లు చదవండి. ఆ ఊరి చరిత్ర పుస్తకంలో ఉండకపోవచ్చు, స్థూపం మీద ఉంటుంది. పుస్తకం కొనుక్కునే డబ్బులేనివాళ్లూ, స్కూలుకి పోనివాళ్లూ చదవడానికి పెట్టిన పేజీ అది. మెక్సికోలో 1920లలో ఇదే ఆలోచనతో ప్రభుత్వం పెద్ద పెద్ద గోడలు చిత్రకారులకి అప్పగించింది. విప్లవం అయిపోయింది, జనంలో చాలామందికి చదువు రాదు, గోడ మీద దేశ చరిత్ర గీయండి అంది. డియెగో రివేరా లాంటివాళ్లు అలా వచ్చారు. అక్కడ డబ్బు సర్కారుది. ఇక్కడ స్థూపానికి డబ్బు ఊరిది. మూడో ప్రశ్న ఎంత తేడా చూపిస్తుందో చూశారా?

ఎర్ర రంగు ఒక్కటే కాదు లెండి. తర్వాత అన్ని పార్టీలూ గోడ ఎక్కాయి. ఎలక్షన్ వస్తే గోడకి పండగే. ముందురోజు రాత్రి సున్నం కొట్టి, మూలన పార్టీ పేరు రాసి "ఈ గోడ మాది" అని రిజర్వు చేసేవాళ్లు. రైలు బెర్తు మీద తువ్వాలు వేసినట్టు. ఇంటాయన్ని అడిగేవాళ్లు తక్కువ. గోడ ఒకరిది, కుంచె ఇంకొకరిది, డబ్బు మూడోవాళ్లది.

దీని మీద చట్టం కూడా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో బహిరంగ స్థలాల్ని పాడుచేయకుండా, అసభ్య పోస్టర్లు వేయకుండా ఒక చట్టం చేశారు. ఎలక్షన్ కమిషన్ రూలు ఇంకా క్లియర్‌గా ఉంటుంది. ఎన్నికల షెడ్యూల్ ప్రకటించగానే ప్రభుత్వ ఆఫీసుల గోడల మీద రాతలు 24 గంటల్లో తీసెయ్యాలి. బస్టాండు, రైల్వే స్టేషన్, కరెంటు స్తంభం లాంటి పబ్లిక్ ఆస్తుల మీదవి 48 గంటల్లో. ప్రైవేటు గోడల మీద పర్మిషన్ లేనివి 72 గంటల్లో. గమనించారా? మన మొదటి ప్రశ్ననే వాళ్లూ అడిగారు. గోడ ఎవరిదో తేలితేనే ఎన్ని గంటలో తేలుతుంది.

నాలుగో ఆగుడు: సినిమా గోడ

పాత సినిమా హాలు చుట్టుపక్కల గోడలు చూడండి. పోస్టర్ మీద పోస్టర్ అంటించి అంటించి, మందంగా అట్టలా తయారై ఉంటుంది. ఒక చోట చిరిగితే కింద ఇంకో సినిమా, దాని కింద ఇంకోటి.

ప్రింటింగ్ అంత చవక కాని రోజుల్లో బ్యానర్లు చేత్తో వేసేవాళ్లు. గళ్లు గీసుకుని, చిన్న ఫొటోని గుడ్డ మీద పది రెట్లు పెంచి, హీరో బుగ్గకి గులాబీ రంగు, విలన్ బుగ్గకి ఆకుపచ్చ. పోస్టర్ డిజైన్ చేసే పెద్దవాళ్లు మద్రాసులో ఉండేవాళ్లు. వాళ్లలో ఒకరు ఈశ్వర్ గారు. పాలకొల్లు నుంచి వెళ్లారు. బాపు గారి మొదటి సినిమా, 1967 నాటి సాక్షికి డిజైన్ చేసి మొదలుపెట్టి వందల సినిమాలకి పనిచేశారు. సినిమా పోస్టర్ అనే పేరుతోనే పుస్తకం కూడా రాశారు. పోస్టర్ మూలన చిన్నగా ఈశ్వర్ అని ఉండేది. పేరు రాసుకునే హక్కు ఉన్న అతి కొద్దిమంది గోడ ఆర్టిస్టుల్లో ఆయన ఒకరు. ఆ డిజైన్ చూసి మన ఊళ్లో గుడ్డ మీద బ్యానర్ వేసిన పెయింటర్ పేరు ఎవరికి తెలుసు? మీ తాతయ్యని అడగండి. ఈ ఎపిసోడ్ ఆపేసి అడిగినా పర్లేదు.

ఐదో ఆగుడు: షాపు బోర్డు

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆగుడు. బజారులో నడుస్తూ ఫ్లెక్సీ కాకుండా, చేత్తో రాసిన బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. షట్టర్ మీద, లారీ వెనక, స్కూలు గోడ మీద, రేషన్ షాపు ముందు. వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి.

చేత్తో రాయడం ఎలాగో చూడండి. ముందు బేస్ రంగు. ఆరాక, చాక్‌పీస్ పొడి పూసిన దారాన్ని ఇద్దరు చెరో పక్కా పట్టుకుని టప్‌మని వదిలితే తిన్నని గీత పడుతుంది. ఆ గీతల మధ్య చాక్‌పీస్‌తో అక్షరాల ఔట్‌లైన్. తర్వాత కుంచెతో ఎనామిల్ రంగు. ఆఖర్న ఒక పక్కగా షేడ్, అక్షరం గోడ నుంచి పైకి లేచినట్టు కనపడటానికి.

ఇంగ్లీషు పెద్దక్షరాలైతే రెండు గీతల మధ్య సర్దుకుంటాయి. తెలుగు అలా ఊరుకోదు. పైన తలకట్టు, గుడి, కొమ్ము. కింద ఒత్తులు. మధిర అని రాయడం తేలిక, కింద ఒత్తే లేదు. ఖమ్మం అనగానే మ కింద మ రావాలి. వస్త్రాలయం అన్నారనుకోండి, స కింద త, దానికి మళ్లీ ర. మూడు అంతస్తుల అక్షరం. బోర్డు ఎత్తు అంతా చూసుకుని, కింద ఎంత ఖాళీ వదలాలో ముందే లెక్కేసుకోవాలి. ఒక్కో పెయింటర్ ఒత్తు ఒక్కోలా తిప్పేవాడు. కాస్త అలవాటైతే, ఒత్తు చూసి ఇది ఫలానావాళ్ల చెయ్యి అని చెప్పొచ్చు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. పీవీసీ షీటు మీద మెషీన్‌తో ప్రింటు. గంటలో పని అయిపోతుంది, చదరపు అడుగు లెక్కన రేటు, హీరో ఫొటో కావాలంటే ఫొటో. షాపువాళ్లది తప్పని నేను అనను, నా షాపైనా అదే చేస్తానేమో. కానీ జరిగింది ఏంటంటే, అన్ని ఊళ్లకీ అవే కంప్యూటర్ ఫాంట్లు వచ్చేశాయి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకటే ఒత్తు. పెయింటర్లు కొందరు ఇళ్లకి రంగులేసే పనికి వెళ్లారు, కొందరు నంబర్ ప్లేట్లకి, కొందరు పూర్తిగా వేరే పనికి.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు హనీఫ్ కురేషి. గుజరాత్‌లో చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు సైన్‌బోర్డ్ పెయింటర్ అవ్వాలనుకున్నాడు. పెద్దయ్యాక చూస్తే ఆ పనే మాయమైపోతోంది. దాంతో ఊరూరా పెయింటర్లని వెతికి, వాళ్ల చేత అక్షరాలు రాయించి, వాటిని కంప్యూటర్ ఫాంట్లుగా మార్చే ప్రాజెక్టు పెట్టాడు. ఫాంటుకి ఆ పెయింటర్ పేరే పెట్టాడు. పెయింటర్ కఫీల్ అని ఒక ఫాంటు ఉంది, చూడండి. గోడ మీద పేరు రాసుకోని మనిషికి ఫాంటు రూపంలో పేరొచ్చింది.

ఆ హనీఫే 2014లో కొందరు మిత్రులతో కలిసి స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ మొదలుపెట్టాడు. అప్పటి ఢిల్లీ పోలీస్ హెడ్‌క్వార్టర్స్ గోడ మీద అంతెత్తు గాంధీ బొమ్మ, లోధీ కాలనీలో 50కి పైగా గోడలు, ఆ తర్వాత మన హైదరాబాద్‌లో మక్తా, అన్నీ ఈ సంస్థ పనులే. 2024 సెప్టెంబర్‌లో హనీఫ్ చనిపోయాడు, నలభై ఒక్క ఏళ్ల వయసులోనే. అంటే ఈ రోజు మనం రీల్స్‌లో చూసే స్ట్రీట్ ఆర్ట్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని మూలం షాపు బోర్డు పెయింటర్ దగ్గరుంది. మక్తాకి వెళ్లేముందు మధిర బజారు చూడమన్నది అందుకే.

ఆరో ఆగుడు: మున్సిపాలిటీ గోడ

వెళ్లేముందు ఇంకొక్క గోడ. స్కూలు కాంపౌండ్, ఆఫీసు ప్రహరీ, ఆసుపత్రి గోడ. చెత్త వెయ్యకండి, చెట్లు నాటండి, నీళ్లు పొదుపు చెయ్యండి. బతుకమ్మ, బోనాలు, రైతు, నాగలి. స్వచ్ఛ భారత్ 2014లో మొదలైంది, 2016 నుంచి ఊళ్లకి స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు ఇస్తున్నారు. దాంతో దేశమంతా గోడలకి రంగులు పడ్డాయి. గోడ సర్కారుది, డబ్బు సర్కారుది. కుంచె మాత్రం ఆ పాత సైన్‌బోర్డ్ పెయింటర్ల చేతిలోనే చాలా చోట్ల ఉంది. ఫ్లెక్సీ తీసుకున్న పని కొంచెం ఇలా తిరిగొచ్చింది. బొమ్మ మరీ గొప్పగా లేకపోయినా, ఆ సంగతి తెలిస్తే కాసేపు ఆగి చూడబుద్ధేస్తుంది.

పక్కనే ఇంకో రకం ఆర్ట్ కూడా ఉంటుంది. దేవుడి బొమ్మల టైల్స్. మూత్రం పోసే గోడకి వరసగా వెంకటేశ్వరస్వామి, సిలువ, మక్కా. ఒక్క టైలు చేసే పని పది హెచ్చరిక బోర్డులు చెయ్యలేవు. నవ్వొస్తుంది కానీ, గోడ మీద బొమ్మకి ఎంత బలం ఉందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక మక్తా

మధిరలో రైలెక్కి హైదరాబాద్ చేరారనుకోండి. ఖైరతాబాద్ మెట్రో స్టేషన్‌లో దిగి రాజ్‌భవన్ రోడ్డు వైపు రండి. లేదంటే ఎంఎంటీఎస్‌లో నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగండి. ఒక పక్క గవర్నర్ గారి నివాసం, ఇంకో పక్క హుస్సేన్ సాగర్. ఆ రెంటి మధ్య, రైలు పట్టాల దగ్గర ఇరుకైన గల్లీల బస్తీ ఉంది. అదే ఎం.ఎస్. మక్తా.

ముందు పేరు చూద్దాం. మక్తా అంటే నిజాం కాలపు భూమి మాట. ఒక ఊరికి శిస్తు ఏటా ఇంత అని ఖాయం చేసి ఒకరి చేతికి ఇచ్చేవాళ్లు. ఆ ఇచ్చింది మక్తా, పుచ్చుకున్నవాడు మక్తేదారు. అందుకే తెలంగాణలో ఫలానా మక్తా అనే ఊళ్ల పేర్లు చాలా ఉంటాయి. చూడండి, ఊరి పేరులోనే మన మొదటి ప్రశ్న ఉంది. ఇది ఎవరిది?

2016లో స్టార్ట్ ఇండియా వాళ్లు ఇక్కడ పని మొదలుపెట్టారు. రంగులు వీళ్లతో మొదట్నుంచీ కలిసి నడుస్తున్న ఏషియన్ పెయింట్స్ వాళ్లవి. బయటి నుంచి వచ్చిన ఆర్టిస్టులతో పాటు హైదరాబాద్ జంట స్వాతి, విజయ్ కూడా ఇక్కడ గోడలు వేశారు. వాళ్ల బొమ్మల్లో తెలంగాణ పల్లె మనుషులు ఉంటారు. ముతక చీర, ముక్కుపుడక, తలపాగా, ముదురు రంగులు. మన అమ్మమ్మ మొహం రెండంతస్తుల ఎత్తున కనపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇలా గోడ తర్వాత గోడ చేరి, బస్తీకి మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని పేరొచ్చింది.

లోధీ కాలనీకీ దీనికీ ఒక తేడా ఉంది, చూస్తూ నడవండి. లోధీ కాలనీ ప్రభుత్వ క్వార్టర్స్. పెద్ద పెద్ద గోడలు, వెడల్పాటి రోడ్లు, ఒక్క ఆఫీసు పర్మిషన్ ఇస్తే వరసగా వేసుకుంటూ పోవచ్చు. మక్తాలో గోడ ఒక్కో కుటుంబానిది. కిటికీ ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఆరేసిన బట్టలుంటాయి, పైపు ఉంటుంది. ఇంటివాళ్లు సరే అంటేనే కుంచె ఆనుతుంది. పిల్లలు పెరిగి ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకుంటే బొమ్మ సగం పోతుంది. పోనివ్వండి. అది ఇల్లు, మ్యూజియం కాదు. మన పెంకుటింటి గోడ గుర్తుందా? అదే సూత్రం.

అందుకే ఇక్కడ నడక మర్యాద ఒకటుంది. మ్యాప్ ఆన్ చేసి పరుగులు పెట్టకండి. గల్లీ చివర్న ఏముందో చూసుకుంటూ మెల్లగా నడవండి. గుమ్మంలో ఎవరైనా కూర్చుని ఉంటే ముందు పలకరించండి. "అమ్మా, ఈ బొమ్మ ఫొటో తీసుకోవచ్చా?" అని అడగండి. తెలుగు, ఉర్దూ రెండూ నడుస్తాయి. ఇంట్లోవాళ్లు ఫ్రేమ్‌లో పడితే వాళ్లని అడగకుండా పోస్ట్ చెయ్యకండి. బొమ్మ వీధిది కావచ్చు, మొహం వాళ్లది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. అమెరికాలోని మయామీలో విన్‌వుడ్ అని పాత గోడౌన్ల పేట ఉంది. టోనీ గోల్డ్‌మన్ అనే రియల్ ఎస్టేట్ ఆయన 2009లో అక్కడి గోడల మీద బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. పేట ప్రపంచ ప్రసిద్ధి అయింది, కెఫేలు వచ్చాయి, అద్దెలు ఎక్కడికో పోయాయి, పాతవాళ్లు చాలామంది ఉండలేకపోయారు. ఇంకో దారి కూడా ఉంది. ఫిలడెల్ఫియా నగరంలో 1984లో, గోడలు పాడుచేస్తున్నారని పట్టుకున్న కుర్రాళ్లకే జేన్ గోల్డెన్ అనే ఆర్టిస్టు ఆధ్వర్యంలో కుంచెలిచ్చి పెద్ద బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. వాళ్లలోంచి ఆర్టిస్టులు తయారయ్యారు. ఇవాళ ఆ ఊళ్లో వేల గోడలు అలా వేసినవే.

మక్తా పక్కనే గవర్నర్ గారి నివాసం, ఎదురుగా చెరువు. భూమి విలువ ఎంతో మీరే ఊహించుకోండి. బొమ్మ వల్ల గల్లీ అందంగా అయితే ఆ అందం ఎవరికి మిగలాలి? గుమ్మంలో కూర్చున్న ఆ అమ్మకి మిగలాలని నా ఉద్దేశం. మీరు వెళ్లినప్పుడు ఆమెతో రెండు మాటలు మాట్లాడండి, అక్కడి కొట్లోనే టీ తాగండి. రెండు రీల్స్ తీసుకుని వచ్చేస్తే మనం బస్తీని వాల్‌పేపర్‌లా వాడుకున్నట్టే.

తిరిగి వచ్చాక చేయాల్సింది

ఇప్పుడు మీకో పని. మధిరలోనో, సత్తుపల్లిలోనో, భద్రాచలంలోనో, మీదే ఊరైనా సరే. చేత్తో వేసిన మూడు గోడల్ని వెతకండి. మధిరవాళ్లు స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, బజారు మీదుగా, వైరా నది ఒడ్డున శివాలయం దాకా నడవండి. దారిలో మూడు దొరక్కపోవు.

ఒక్కోదాన్నీ రెండు ఫొటోలు తియ్యండి. ఒకటి దగ్గర్నుంచి, కుంచె గీతలు కనపడేలా. ఇంకోటి దూరం నుంచి, పక్కన ఏ షాపుందో, ఏ చెట్టుందో తెలిసేలా. దగ్గర ఫొటో చెయ్యి గురించి చెబుతుంది, దూరం ఫొటో ఊరి గురించి. పదేళ్ల తర్వాత ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుంది. తేదీ రాసుకోండి. తర్వాత షాపాయన్ని అడగండి, "ఇది ఎవరు రాశారండీ?" అని. పేరు తెలిస్తే ఆ పెయింటర్ ఇంకా ఉన్నాడేమో కనుక్కోండి. ఉంటే వెళ్లి కలవండి. ఆ అక్షరం ఎలా తిప్పేవాడో మీ ముందు ఒకసారి రాసి చూపించమనండి, ఆయన ఒప్పుకుంటే వీడియో తీసుకోండి. ఆయన నంబరు, ఇంటి అడ్రసు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి.

రాజుల చరిత్రకి శాసనాలున్నాయి, వాటిని కాపాడే శాఖలున్నాయి. బజారు బోర్డుకి ఎవరూ లేరు. రేపు ఒక ఫ్లెక్సీ దాని మీద మేకులతో పడుతుంది, ఎల్లుండి షట్టరే మారిపోతుంది. రాసిన మనిషికి ఇప్పుడు అరవయ్యో డెబ్బయ్యో ఉంటాయి. చేతులు వణకడం మొదలుకాకముందే ఆయన పేరు మన దగ్గర రాసి ఉండాలి. ఫోను మన చేతిలోనే ఉంది కదా.

మీ మూడు గోడల ఫొటోలు, తేదీలు, పేర్లు ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. స్నేహితులు నలుగురు కలిస్తే పన్నెండు గోడలు. ఒక వీధి చరిత్రకి అంత చాలు. వచ్చే ఎపిసోడ్‌లో వేరే టాపిక్‌తో కలుద్దాం. నీళ్లు తాగండి, ఎండలో తిరగకండి. ఉంటాను.